రొమ్ముగడ్డ: ఒక పేరు, పలు వ్యాధులు

పాపాఘ్ని యొడ్డున నున్న వేంపల్లె పేరు భూగర్భశాస్త్ర గ్రంథములలో నూటయేబది యేండ్లుగా నిలిచియున్నది. భారత భూగర్భ పరిశీలన శాఖలో పనిచేసిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథము వెలువరించెను. దారిన పోవువానికి అన్నియు ఒకే బండలుగా కనబడు కొండలను ఆయన పొరలు పొరలుగా విడదీసి, పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ యని నాలుగు వర్గములు చేసెను. పాపాఘ్ని వర్గములో అడుగుపొరకు గువ్వలచెరువు పేరు, దానిపై పొరకు వేంపల్లె పేరు వచ్చినవి. తుమ్మలపల్లెలో బయటపడిన యురేనియము ఈ వేంపల్లె పొరలలోనిదే. రాయి రాయే గదా, ఇన్ని పేర్లేల యని ఎవరైన అడుగవచ్చును. ఈ సీమలో బావి త్రవ్వించినవారు మాత్రము అట్లడుగరు. ఒక రాతిలో నీరు పడును, ఒక రాతిలో పడదు. రెంటిని ఒకటే యనుకొని త్రవ్వించినవానికి అప్పు మిగులును గాని బావి మిగులదు.

సరిగా ఆ కాలముననే సముద్రముల కావల వైద్యులు కూడ ఇట్టి పనికే పూనుకొనిరి. వారు విడదీయబూనినది స్త్రీల రొమ్ములో పుట్టు గడ్డను. (ఈ ప్రాంతపు రాళ్లకును ఆ గడ్డకును సంబంధ మున్నదని చెప్పుట మా యుద్దేశము కాదు. పోలిక యంతయు విడదీసి చూచుటలోనే యున్నది.) రొమ్ము కాన్సరు అని మనము ఏకవచనములో పిలుచుచున్నది నిజమునకు అనేక వ్యాధుల గుంపు అని తెలిసికొనుటకు వైద్యలోకమునకు నూరేండ్లకు పైగా పట్టినది.

కథ పాతదే యైనను దాని యవసరము నేటిది. 2022వ సంవత్సరపు అంతర్జాతీయ అంచనా ప్రకారము మన దేశములో ఆ యొక్క యేట 1,92,000 మందికి పైగా స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా వచ్చినది. 98,000 మందికి పైగా మరణించిరి. మన దేశపు స్త్రీలకు వచ్చు కాన్సర్లలో ఇదియే మొదటిది. ఐనను పల్లెలలోను, చిన్న పట్టణములలోను దీని మాట గుసగుసగానే సాగుచున్నది. ఆ గుసగుసలో నుండి ఒక పెద్ద చిక్కు పుట్టుచున్నది. 'ఎదురింటి పెద్దమ్మ రోజుకొక మాత్ర మ్రింగి పదేండ్లుగా హాయిగా నున్నది. నాకు మాత్రము ఈ సూదులేల, ఈ జుట్టు రాలుటేల?' అని ఒకామె చికిత్స నడుమనే మానివేయును. 'మా చిన్నమ్మ ఆపరేషను చేయించుకొనియు ఏడాదికే పోయినది. ఇక అంత దూరము పోయి లాభమేమి?' అని వేరొకామె అసలు ఇల్లు కదలదు. ఈ యిద్దరును తమ వ్యాధిని పోల్చుకొన్నది అదే పేరు గల మరియొక వ్యాధితో.

విడదీసి చెప్పు ప్రయత్నము మన పూర్వులు చేయకపోలేదు. సుశ్రుత సంహిత నిదానస్థానములో స్తనరోగములకు ఒక చోటును, గ్రంథులకు అర్బుదములకు మరియొక చోటును కలవు. అర్బుదములు ఆరు విధములనియు, వానిలో రక్తార్బుదము, మాంసార్బుదము కుదురనివనియు అందు చెప్పబడినది. తెలుగువారు మానని మొండిపుండుకు రాచపుండు అని పేరు పెట్టిరి. ఈజిప్టు దేశపు ప్రాచీన పత్ర మొకటి రొమ్ముపై ఉబ్బిన గడ్డలను వర్ణించి, వీనికి చికిత్స లేదని ఒక్క మాటతో ముగించినది. గ్రీకులు దీనికి పీత పేరు పెట్టిరి. నేటి కాన్సరు అను మాట ఆ పీతకు లాటిను పేరే. ఒంటిలోని నల్లపిత్తము పేరుకొనుట చేత ఇది పుట్టునని గేలెన్ చెప్పిన మాట ఐరోపాలో వేయి యేండ్లకు పైగా చెల్లినది.

ఇటలీ దేశపు వైద్యుడు రమజ్జిని 1713లో ఒక వింత విషయము వ్రాసెను. సన్యాసినుల మఠములలో ఈ రోగము మిగిలిన స్త్రీలలో కంటె ఎక్కువగా కనబడుచున్నదట. పెండ్లి, కాన్పు, పాలిచ్చుట - వీనికిని ఈ గడ్డకును ఏదో ముడి యున్నదని దాని అర్థము. ఆ ముడి ఏమియో తెలియుటకు రెండువందల యేండ్లు పట్టినది.

అంతవరకు చికిత్స యనగా కత్తియే. 1811లో ఫానీ బర్నీ అను ఆంగ్ల రచయిత్రికి ప్యారిస్ నగరములో రొమ్ము తీసివేసిరి. మత్తుమందులు లేని కాలమది. స్పృహలో నుండి ఆ బాధ నంతయు భరించి, తరువాత దానిని జాబులో వ్రాసి యుంచెను. ఆ పిమ్మట ఆమె ఇరువదియెనిమిది యేండ్లు బ్రదికి 1840లో మరణించెను. శస్త్రచికిత్స ఫలించెనని అందరును చెప్పుకొనిరి. ఆ గడ్డ కాన్సరు అగునో కాదో, అగుచో నెమ్మదిగా పెరుగు జాతిదో కాదో చూచు సాధనము ఆనాడు లేదు. అదే శస్త్రచికిత్స పొంది ఏడాదిలో పోయినవారి జాబులు మనకు అందలేదు.

సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మట కథ మలుపు తిరిగినది. 1838లో జర్మనీలో యొహానెస్ ముల్లర్ గడ్డలను అద్దము క్రింద పరిశీలించి అవి కణములతో ఏర్పడినవని చూపెను. ఆయన శిష్యుడు విర్హో 1858లో, కణము నుండియే కణము పుట్టునని సిద్ధాంతీకరించెను. నల్లపిత్తమునకు అంతటితో కాలము చెల్లినది. గడ్డ యనునది బయటినుండి వచ్చి చేరిన విషము కాదు, మన కణమే దారి తప్పి పెరిగినది.

ఇక వేంపల్లె రాతికి పేరు వచ్చిన రెండేండ్లకు, 1874లో, లండను వైద్యుడు జేమ్స్ పేజెట్ ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. చనుమొనపై గజ్జివలె ఎఱ్ఱబారి, ఒలికి, ఎన్ని పూతలు పూసినను మానని పదునైదుగురు స్త్రీలను గూర్చినది అది. వారందరికిని రెండేండ్లు తిరుగక ముందే ఆ రొమ్ములో కాన్సరు తేలినది. చర్మరోగముగా కనబడు కాన్సరు ఒకటి కలదని లోకమునకు తెలిసినది అప్పుడే. నేటికిని అది పేజెట్ వ్యాధి పేరుతోనే చలామణి యగుచున్నది. నేటికిని దానిని గజ్జియనుకొని నెలల తరబడి పూతమందు రాయుచునే యున్నారు.

జేమ్స్ పేజెట్ కుమారుడు స్టీఫెన్ పేజెట్ 1889లో చేసిన పని ఇంకను గొప్పది. రొమ్ము కాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్షల వివరములను ఆయన ముందు పెట్టుకొని, రోగము ఏ యే అవయవములకు ప్రాకినదో లెక్క కట్టెను. నెత్తురు అన్ని చోట్లకు పోవుచుండగా గడ్డలు కాలేయములోను, కొన్ని యెముకలలోను మెండుగాను, ప్లీహములో మిక్కిలి అరుదుగాను ఏల మొలచుచున్నవి? విత్తనము నలుదిక్కుల పడినను తగిన నేల యున్న చోటనే మొలచునని ఆయన సమాధానము. వేరుసెనగ విత్తువారికి ఈ మాట వివరింప నక్కరలేదు. దానిని వైద్యలోకము మాత్రము చాలకాలము పట్టించుకొనలేదు.

పట్టించుకొనకపోవుటకు కారణము అమెరికాలో హాల్‌స్టెడ్ పొందిన ఖ్యాతి. రోగము రొమ్ములో పుట్టి, పొరుగునుండి పొరుగునకు నిప్పువలె వ్యాపించునని ఆయన నమ్మకము. కావున రొమ్మును, దాని క్రింది ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను అన్నిటిని ఒక్క పెట్టున తీసివేయు శస్త్రచికిత్సను ఆయన 1894లో యేబది మంది రోగుల వివరములతో ప్రకటించెను. ఆయన నేర్పరి, నిజాయితీ గలవాడు. గడ్డ తీసిన చోటనే తిరిగి మొలచుట ఆయన చేతిలో చాల తగ్గినది. కాని దాదాపు ఎనుబది యేండ్ల పాటు చిన్న గడ్డకు, పెద్ద గడ్డకు, నిదానముగా పెరుగుదానికి, వడిగా పెరుగుదానికి అందరికిని అదే కోత. చేయి వాచి, భుజము వంగి జీవించిన స్త్రీలు ఎందరో! అంత కోత అందరికిని అవసరమా యని అడిగిన వైద్యుని తోటివారు పిరికివానిగా చూచిరి.

ఆ రెండేండ్లకే, గ్లాస్గో నగరములో, బీట్‌సన్ అను వైద్యుడు వేరొక దారి త్రొక్కెను. ఆయన మొదట చదివినది పాలు పడుటను గూర్చి. ఆవుకు అండాశయము తీసివేసినచో పాలిచ్చు కాలము పెరుగునను పశుపాలకుల వాడుక ఆయన చెవిని పడినది. అనగా ఎక్కడనో కడుపులో నున్న అండాశయము రొమ్ముపై అధికారము చలాయించుచున్నదన్నమాట. శస్త్రచికిత్సకు లొంగని కాన్సరు గల యొక ముప్పదిమూడేండ్ల తల్లికి ఆయన అండాశయములు తీసివేసెను. నెలలు గడచుకొలది రొమ్ముపైని గడ్డలు కరగినవి. 1896లో ఆయన ఈ సంగతి ప్రకటించగా ఎందరో వైద్యులు అట్లే చేసి చూచిరి. 1900లో స్టాన్లీ బాయిడ్ ఆ ఫలితములన్నిటిని కూర్చి చూడగా తేలినదేమనగా: ముగ్గురిలో ఒకామెకు గుణమిచ్చినది, తక్కిన యిద్దరికి ఇయ్యలేదు.

ఈ యొక్క లెక్కయే మా దృష్టిలో ఈ చరిత్రకు ఇరుసు. మందు పనిచేసెనా, లేదా యని అడుగుట ఒక తీరు. ఎవరికి పనిచేసినది, ఏల యని అడుగుట వేరొక తీరు. ఆ ఒకామెలో ఏమున్నది, ఆ యిద్దరిలో ఏమి లేదు? గడ్డను చేతితో తాకి చూచినను, సూక్ష్మదర్శినిలో చూచినను ఆనాడు తేడా తెలియలేదు. ఫలితము ముందుగా చెప్పలేనందున ముగ్గురికిని కడుపు కోయవలసివచ్చినది.

ఇరువదవ శతాబ్ది మొదటి సగములో సూక్ష్మదర్శిని పని పెరిగినది. 1926లో జానెట్ లేన్-క్లేపన్ అను వైద్యురాలు ఇంగ్లండులో 500 మంది రోగులను, రోగము లేని మరి 500 మంది స్త్రీలను ప్రశ్నించి, కాన్పుల సంఖ్యకును పాలిచ్చుటకును ఈ రోగముతో గల సంబంధమును లెక్కలతో నిరూపించెను; రమజ్జిని మాటకు అది తొలి గట్టి రుజువు. పాలనాళములలో పుట్టునది ఒక రకమనియు, పాలు ఊరు చిన్న తిత్తులలో పుట్టునది వేరొక రకమనియు విభజన ఏర్పడినది. మొదటిదే అధికము, నూటికి డెబ్బది ప్రాంతము. రెండవది పది, పదునైదు. దాని కణములు చీమలబారువలె ఒకదాని వెనుక నొకటిగా సాగును గనుక చేతికి గట్టి గడ్డగా తగులకపోవచ్చును, ఎక్స్‌రేకు కూడ చిక్కకపోవచ్చును. నాళపు గోడ దాటక లోపలనే ఆగియున్న దశను వేరుగా గుర్తించిరి. 1957లో బ్లూమ్, రిచర్డ్‌సన్ అనువారు కణముల రూపమును బట్టి ఒకటి, రెండు, మూడు అని వడికి తరగతులు కట్టిరి. నేటి పరీక్షాపత్రములో 'గ్రేడు' అని ఉండు మాట దాని సంతతిదే.

బీట్‌సన్ ప్రశ్నకు జవాబు మాత్రము సూక్ష్మదర్శిని నుండి రాలేదు. షికాగో నగరములో ఎల్వుడ్ జెన్సెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఈస్ట్రోజెను అను స్త్రీ హార్మోనుకు కొంచెము రేడియోధార్మికత గల హైడ్రొజెను తగిలించి, అది ఒంటిలో ఎక్కడికి పోవునో వెంటాడెను. గర్భాశయము వంటి కొన్ని భాగములే దానిని పట్టి నిలుపుకొనుచున్నవి. తక్కిన భాగములు విడిచిపెట్టుచున్నవి. పట్టుకొను కణములో ఆ హార్మోనుకు తగిన గ్రాహకము, అనగా తాళముచెవికి తగిన తాళము వంటిది, ఉన్నదని 1958 మొదలు ఆయన చూపుచు వచ్చెను. 1970 ప్రాంతమునకు రొమ్ముగడ్డలలోను ఇదే వెదకిరి. కొన్ని గడ్డలలో గ్రాహకము కలదు, కొన్నింటిలో లేదు. గ్రాహకమున్న గడ్డ గల స్త్రీకే హార్మోను చికిత్స ఫలించుచున్నది. ముగ్గురిలో ఆ యొకామె ఎవరో డెబ్బది యేండ్లకు తెలిసినది.

తెలిసిన వేళకు చేతిలో మందు కూడ సిద్ధముగా నుండుట అదృష్టమే. 1962లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. సంస్థ ప్రయోగశాలలో డోరా రిచర్డ్‌సన్ తయారుచేసిన టామాక్సిఫెను అను పదార్థము గర్భము రాకుండ చేయునని ఆశించిరి. స్త్రీలలో అది సరిగా తల్లక్రిందుల పనిచేసినది. మూలబడవలసిన ఆ పదార్థమును మాంచెస్టరులో మేరీ కోల్ అను వైద్యురాలు ముదిరిన రొమ్ము కాన్సరు గల 46 మందికి ఇచ్చి, పదిమందికి గుణము కనబడెనని 1971లో వెల్లడించెను. అది ఈస్ట్రోజెను కూర్చుండవలసిన చోట తాను కూర్చుండి దారి మూయును. ఇందాక చెప్పిన ఎదురింటి పెద్దమ్మ మాత్ర ఇదియో, దీని తరువాత వచ్చిన దీని వంటిదియో అయి యుండును. కడుపు కోయ నక్కరలేకయే బీట్‌సన్ ఫలితము లభించినది.

మరి గ్రాహకము లేని గడ్డ గలవారి మాటేమి? ఇక్కడ మన తెలుగువాని పేరు వచ్చుచున్నది. 1895లో భీమవరములో పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తోడబుట్టినవారిని ఇద్దరిని సంగ్రహణి వంటి వ్యాధికి కోల్పోయిరి. ఆ జాతి రక్తహీనత కొక రహస్య పదార్థము మందని తెలిపిన పరిశోధన బొంబాయిలోనే జరిగినది. లూసీ విల్స్ అను వైద్యురాలు అచ్చటి గర్భిణీ కార్మిక స్త్రీలకు ఈస్టుసారము నిచ్చి రక్తహీనత మాన్పినట్లు 1931లో ప్రకటించెను. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లము. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసినది లెడెర్లీ సంస్థలో సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము.

కణము విభజన చెందవలె నన్నచో ఫోలిక్ ఆమ్లము కావలెను. అట్లయిన, దానివలె కనబడుచు దాని పని చేయని నకిలీని కణమునకు తినిపించినచో? సుబ్బారావుగారి బృందము అట్టి నకిలీలను తయారుచేసినది. వానిలో ఒకటియైన అమినాప్టెరినును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు కాన్సరు గల పిల్లల కిచ్చెను. 1948 జూనులో ఆయన ప్రకటించిన ఫలితములు చూచి, చికిత్సయే లేదనుకొన్న రోగము కొంతకాలమైన వెనుకకు తగ్గునని లోకము మొదటిసారి నమ్మినది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో మరణించిరి. ఆ ప్రయోగశాల నుండియే వెలువడిన మరియొక నకిలీ మెథోట్రెక్సేటు. రొమ్ము కాన్సరులో అది పనిచేయుటను 1951లో న్యూయార్కులో జేన్ రైట్ అను వైద్యురాలు గమనించెను. 1976లో మిలాన్ నగరపు బొనడొన్నా, మెథోట్రెక్సేటుతో బాటు మరి రెండు మందులను కలిపి, శస్త్రచికిత్స యైన వెంటనే ఇచ్చిన ప్రయోగమును ప్రకటించెను. చంకలోని గ్రంథులకు రోగము ప్రాకిన 386 మంది స్త్రీలు అందు పాల్గొనిరి. మందు లేనివారిలో నూటికి 24 మందికి రోగము తిరుగబెట్టగా, మందు పొందినవారిలో ఐదుగురికి మించి కొంచెమే తిరుగబెట్టినది. ఆ యొక్క కాగితములో భీమవరము పేరు లేదు. ఉండవలసినది అని మా అభిప్రాయము.

ఇవన్నియు జరుగుచుండగా వేంపల్లె వంటి ఊరి స్త్రీకి అందినదేమి? 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు కడప జిల్లా మద్రాసు రాజధానిలోనిది. పెద్ద వైద్యమన్నచో కడపలోనో ఎఱ్ఱగుంట్లలోనో రైలెక్కి మద్రాసు పోవుటయే. అచ్చట 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ నెలకొన్నది. చెల్లెలిని కాన్సరుకు కోల్పోయిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు పట్టుబట్టి సాధించిన అడయారు కాన్సరు సంస్థ 1954లో పండ్రెండు మంచములతో తెరువబడినది. తరువాతి దశాబ్దములలో డాక్టరు శాంతగారి పేరు దానితో పెనవేసుకొన్నది. రాయలసీమ నుండి అక్కడికి పోయినవారికి లెక్క లేదు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిటి ఆసుపత్రి 1955లోను, బసవతారకం ఆసుపత్రి 2000లోను వచ్చినవి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పిమ్మట పేరు మారుచు వచ్చినను, చికిత్స ఖర్చు భయమును పేదయింటి నుండి కొంత తొలగించినది. 2022లో తిరుపతిలో కాన్సరు కొరకే ఒక పెద్ద సంస్థ తెరువబడుట చేత దూరము కూడ తగ్గినది. తగ్గవలసినది ఇంకొకటి యున్నది, అది సిగ్గు. నొప్పి లేని గడ్డను కొంగుచాటున దాచుకొని, కోడలికైన చెప్పక, పంట ఇంటికి వచ్చిన పిమ్మట చూతమనుకొను తల్లులు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. నొప్పి లేకుండుట మంచి గుర్తు కాదు. ఈ గడ్డలు మొదట చాలమందిలో నొప్పి లేకయే పెరుగును.

హాల్‌స్టెడ్ కోతకు 1971లో ఎదురు నిలిచినవాడు అమెరికా వైద్యుడు బెర్నార్డ్ ఫిషర్. పెద్ద కోతను, చిన్న కోతను చీట్లు వేసినట్లు పంచి రోగుల నిరువాగులుగా పరిశీలించగా ఆయుర్దాయములో తేడా కనబడలేదు. ఇరువదియైదేండ్ల పిమ్మట 2002లో మరల చూచినను కనబడలేదు. గడ్డను మాత్రము తీసి రేడియేషను ఇచ్చినను చాలునని 1985లో ఆయనయే వెల్లడించెను. విత్తనము అప్పటికే నేలను వెదకుకొని పోయియున్నచో చుట్టుప్రక్కల ఎంత త్రవ్విన నేమి? స్టీఫెన్ పేజెట్ మాటకు తొంబదియారేండ్లకు మర్యాద దక్కినది.

తరువాతి అంకము వడిగా నడచినది. 1987లో డెన్నిస్ స్లామన్, హెర్-2 అను జన్యువు ప్రతులు మితిమీరి పెరిగిన రొమ్ముగడ్డలు ప్రమాదకరమైనవని చూపెను. ఐదారింట ఒకటి ఈ జాతిది. దానినే గురిపెట్టిన ట్రాస్టుజుమాబ్ అను మందు 1998లో అమెరికాలో ఆమోదము పొందినది. అంతకు ముందు అన్నిటి కంటె భయపెట్టిన రకము, ఆ మందుతో, చికిత్సకు బాగుగా లొంగు రకములలో చేరినది. శత్రువు పేరు తెలిసినచో గెలుపు ఎట్లుండునో చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు కనబడలేదు. 2000లో చార్ల్స్ పెరూ మొదలైనవారు 42 మంది నుండి తీసిన 65 గడ్డ ముక్కలలో వేలాది జన్యువుల నడకను ఒక్కసారిగా చూచి, ఇవి సహజముగానే వేరువేరు కుటుంబములుగా చీలుచున్నవని చిత్రపటము గీసిరి. ఒకే వ్యాధి యను భావము అంతటితో తొలగినది.

ఈ చీలికలో ఒక కొమ్మకు ఈస్ట్రోజెను గ్రాహకము లేదు, ప్రొజెస్టిరోను గ్రాహకము లేదు, హెర్-2 మిగులు లేదు. మూడును లేవు గనుక ట్రిపుల్ నెగటివ్ అని దానిని పిలుచుచున్నారు. ఎదురింటి మాత్ర దీనికి పనిచేయదు, ట్రాస్టుజుమాబ్ పనిచేయదు. సూదులే మొదటి దిక్కు. ఇది పాశ్చాత్య దేశములలో నూటికి పదునైదు ప్రాంతము కాగా, మన దేశపు ఆసుపత్రుల లెక్కలలో ఇరువదియైదు మొదలు ముప్పది దాక కనబడుచున్నది. మన స్త్రీలకు రోగము సగటున పదేండ్లు ముందుగా వచ్చుట ఇందుకు కొంత కారణమందురు. చిన్న వయస్సువారిలో ఈ రకము ఎక్కువ. 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ జాడ తీసి, 1994లో పట్టుబడిన బి.ఆర్.సి.ఎ.-1 అను జన్యుదోషము గలవారిలోను ఇదియే మెండు. అట్టి దోషము తల్లి వైపునుండియే కాదు, తండ్రి వైపునుండియు రావచ్చును. మేనత్తకు వచ్చినదా యని వైద్యుడు అడిగినపుడు అది ఊరక అడిగిన ప్రశ్న కాదు. పురుషులకు కూడ రొమ్ము కాన్సరు వచ్చును, మొత్తములో నూటికి ఒకటి ప్రాంతము.

గడ్డయే కనబడని రకము కూడ ఒకటి కలదు. రొమ్ము కొన్ని వారములలోనే ఎఱ్ఱబారి, వేడెక్కి, వాచి, చర్మము నారింజ తొక్కవలె గుంటలు పడును. పాలు కట్టినవనియో సెగగడ్డ యనియో అనుకొందురు. రెండు వారములు మందు వాడినను తగ్గనిచో ముక్క తీసి పరీక్షించుట తప్పదు. ఇది అరుదైనదే, కాని వడిగా ప్రాకునది.

బొంబాయి టాటా సంస్థవారు 1998లో మొదలుపెట్టి, 35 మొదలు 64 ఏండ్ల వరకు గల 1,51,538 మంది స్త్రీలతో ఇరువది యేండ్లు నడపిన పరిశీలన ఫలితము 2021లో వచ్చినది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలు రెండేండ్ల కొకమారు చేతితో రొమ్మును పరీక్షించుట తప్ప అందు వేరే యంత్రమేదియు లేదు. గడ్డలు తొలి దశలోనే ఎక్కువగా దొరకినవి. యేబది దాటినవారిలో ఈ రోగముతో పోవు మరణములు దాదాపు మూడవ వంతు తగ్గినవి. పిన్న వయస్సువారిలో అట్టి తగ్గుదల కనబడలేదు. అక్కడ కూడ రకము, వయస్సు తమ మాట తాము చెప్పుకొనినవి.

గడ్డ దొరకిన పిమ్మట దాని ముక్కను తీసి పరీక్షించినపుడు వచ్చు పత్రములో ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అని మూడు పంక్తులుండును. ఈ వ్యాసములో చెప్పిన కథ యంతయు ఆ మూడు పంక్తులలో నిమిడియున్నది. హెర్-2 ఎదుట 2+ అని యున్నచో అది తేలని సంగతి, ఫిష్ అను రెండవ పరీక్ష చేయవలెను. ఆ పంక్తులే లేకున్నచో వైద్యుని అడుగుటకు వెనుదీయ నక్కరలేదు. ఈ విభజన కూడ ముగియలేదు. హెర్-2 లేదని ప్రక్కన పెట్టిన గడ్డలలో కొన్నింట అది స్వల్పముగా నున్నదనియు, వానికి పనిచేయు క్రొత్త మందు కలదనియు 2022లో తేలినది. అందుచేత పాత రోగుల ముక్కలను మరల చూడవలసిన అవసరము కొందరికి కలుగుచున్నది. పరీక్షకు తీసిన ముక్కను మైనపు దిమ్మలో పొదిగి ఆసుపత్రివారు ఏండ్ల తరబడి భద్రపరచెదరు. వేరొక ఆసుపత్రిలో రెండవ అభిప్రాయము కోరువారు పరీక్షాపత్రముతో బాటు ఆ దిమ్మను కూడ అడిగి తీసికొని పోవచ్చును.